బాలింతకు పథ్యమూ వద్దు, పస్తూ వద్దు

మా ఆసుపత్రి చంటిపిల్లల ఓ.పి.లో బరువు చూసే యంత్రాలు రెండున్నాయి. బల్ల మీద ఉన్న చిన్నది బిడ్డలకు, గోడ పక్కన నేల మీద ఉన్నది పెద్దలకు. ఒకప్పుడు టీకాలకు వచ్చే తల్లులు నేరుగా బల్ల దగ్గరికి వచ్చేవారు. ఈమధ్య చాలామంది బిడ్డను నాన్నమ్మ చేతికిచ్చి ముందు గోడ పక్కకు వెళ్తున్నారు. చెప్పులు విప్పి, చేతిసంచి కింద పెట్టి, భయం భయంగా ఎక్కి చూసుకుంటున్నారు.

కొన్నాళ్ళ క్రితం మూడున్నర నెలల పాపతో వచ్చిన ఒక అమ్మాయి కూడా అలాగే చేసింది. అంకె చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. పాపను తూస్తే నెల రోజుల్లో 250 గ్రాములే పెరిగింది. ఆ వయసు బిడ్డ నెలకు కనీసం అర కిలో పెరగాలి. పక్కనే ఉన్న అత్తగారు, "దీనికి పాలు చాలడం లేదు సిస్టర్, డబ్బా పాలు రాయించండి" అన్నారు.

అమ్మాయిని కూర్చోబెట్టి, "నిన్న పొద్దుటి నుంచి ఏం తిన్నావో చెప్పమ్మా" అని అడిగాను. పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం ఒక గరిటెడు అన్నం, చారు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి గ్లాసుడు మజ్జిగ. లెక్క కడితే ఏడెనిమిది వందల కేలరీలు కూడా రావు. మూడు వారాలుగా ఇదే వరస. మరిది పెళ్ళి దగ్గర పడింది, పాత జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు. ఆదివారం గుడి ఆవరణలో ఎవరో "ఏంటమ్మాయ్, గుర్తుపట్టలేనంత లావయ్యావు" అన్నారట. నీరసంతో రాత్రిళ్ళు లేవలేకపోతుంటే, పాపకు అత్తగారు గ్లూకోజు నీళ్ళు పట్టిస్తున్నారు.

ఇంకాస్త వెనక్కి అడిగితే అసలు సంగతి తెలిసింది. కాన్పయ్యాక మొదటి నలభై రోజులూ ఆమె పథ్యంలో ఉంది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు వాయువు, పెరుగు జలుబు, పండ్లు చలువ, ఆకుకూర పడదు అన్నారు. మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చారు. ఆ నలభై రోజులు దాటగానే "పాలు పడాలి" అని సున్నుండలు, నేతి మిఠాయిలు, చిక్కటి పాలు పోటీపడి పెట్టారు. బరువు పెరిగింది. తరువాత ఆమే పస్తులు మొదలుపెట్టింది. వంద రోజుల్లో ముందు పథ్యం, తరువాత అతి తిండి, ఆ తరువాత పస్తు. మధ్యలో మామూలు భోజనం అనేది ఆ తల్లికి ఎవరూ పెట్టలేదు, తనూ తినలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పెద్దలు పెట్టే పథ్యం, పిల్లలు చేసే డైటింగు ఒకదానికొకటి విరుద్ధమని అనుకుంటాం. నిజానికి రెండూ ఒకటే. రెండింటిలోనూ పాలిచ్చే తల్లి కంచం ఖాళీ అవుతుంది.

ఆ బరువు ఎక్కడిది?

గర్భంతో ఉన్న తొమ్మిది నెలల్లో మన స్త్రీలు సాధారణంగా 10 నుంచి 12 కిలోలు పెరుగుతారు. కాన్పు రోజున బిడ్డ, మాయ, ఉమ్మనీరు, రక్తం కలిసి దాదాపు 5 కిలోలు తగ్గుతాయి. తరువాతి వారాల్లో గర్భసంచి కుంచించుకుని, ఒంటి నీరు తీసి, మరో రెండు కిలోలు దిగుతాయి. మిగిలిన మూడు నుంచి ఐదు కిలోలలో ఎక్కువ భాగం కొవ్వు. అది జబ్బు కాదు, తప్పు కాదు. పాల కోసం శరీరం ముందుగా నింపి పెట్టుకున్న గాదె. గాదెలో గింజలను రోజూ కొంచెం కొంచెం వాడుకోవాలి. ఒక్కసారిగా ఊడ్చేయకూడదు, వాడకుండా పైనుంచి ఇంకా పోస్తూ ఉండకూడదు.

మొదటి ఆరు నెలల్లో తల్లి రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు ఇస్తుంది. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో 65 నుంచి 70 కేలరీలు ఉంటాయి. అంటే రోజుకు దాదాపు 500 కేలరీలు బిడ్డకు వెళ్తున్నాయి. ఆ పాలు తయారు చేయడానికి శరీరానికి మరికొంత ఖర్చవుతుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాలలో, తేలికపాటి పనులు చేసుకునే 55 కిలోల స్త్రీకి రోజుకు 1660 కేలరీలు సరిపోతాయని చెబుతూ, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు అదనంగా 600, తరువాతి ఆరు నెలలు అదనంగా 520 కేలరీలు కావాలన్నారు. మొదటి ఆరు నెలల్లో మాంసకృత్తులు కూడా రోజుకు సుమారు 17 గ్రాములు ఎక్కువ కావాలి.

ఆరు వందల కేలరీలంటే ఎంత? ఒక కోడిగుడ్డు, గ్లాసుడు ఆవుపాలు, పిడికెడు వేరుశనగ గుళ్ళు, ఒక కప్పు గట్టి పప్పు, ఒక అరటిపండు. అంతే. మూడు పెద్ద సున్నుండలు తిన్నా ఆరు వందలు వస్తాయి. కేలరీల లెక్క ఒకటే. కానీ మొదటి దానిలో మాంసకృత్తులు, సున్నం, విటమినులు పుష్కలంగా ఉన్నాయి. రెండో దానిలో మినుముల బలం కొంత ఉన్నా, ఎక్కువ కేలరీలు నెయ్యి, బెల్లం నుంచే వస్తాయి. "బాలింత ఇద్దరి తిండి తినాలి" అనే మాట అందుకే సరికాదు. మామూలు భోజనం మీద ఒక చిన్న పూట తిండి ఎక్కువ తింటే చాలు.

పస్తుంటే ఎవరికి నష్టం?

తల్లి కొంచెం తక్కువ తింటే పాలు వెంటనే ఎండిపోవు. ముందు నష్టపోయేది తల్లి. పాలలోకి వెళ్ళే సున్నాన్ని ఆమె ఎముకల నుంచి తీసి అయినా బిడ్డకిస్తుంది శరీరం. పాలు మాన్పించాక ఆ ఎముకలు మళ్ళీ పూడుకుంటాయి, కానీ అప్పటిదాకా భారం ఆమెదే. తిండి మరీ తగ్గిపోయి, నీరసంతో బిడ్డకు పాలిచ్చే సార్లు కూడా తగ్గితే అప్పుడు పాలు తగ్గుతాయి. బిడ్డ ఎంత తాగితే అంత పాలు ఊరతాయి. రాత్రి గ్లూకోజు నీళ్ళు తాగిన బిడ్డ రొమ్ము అడగదు, అడగకపోతే మరునాటికి పాలు ఇంకా తగ్గుతాయి. పైన చెప్పిన పాప బరువు పెరగకపోవడానికి కారణం ఇదే. డబ్బా పాలు ఆ పాపకు మందు కాదు. తల్లికి అన్నం, పాపకు రాత్రి పాలు, ఇవీ మందు.

లావుగా ఉంది కదా, బలానికి లోటేమిటి అని కొందరు అనుకుంటారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే వయసు స్త్రీలలో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో ఈ అంకెలు 30, 58 శాతాలు. ఒంట్లో కొవ్వు ఉండి, రక్తం లేని స్త్రీలు మన ఇళ్ళలోనే ఉన్నారని దీని అర్థం. అలాంటి తల్లి అన్నం మానేస్తే, ఉన్న కాస్త రక్తం కూడా కూడదీసుకోలేదు.

పథ్యం గురించి పెద్దలకు ఒక మాట

పెద్దవారిని నొప్పించాలని కాదు. "మేమంతా పథ్యం చేసే అరడజను మందిని పెంచాం" అని అమ్మమ్మలు అంటారు. పురిటి ఆచారాల్లో మంచి చాలా ఉంది. నలభై రోజులు పుట్టింట విశ్రాంతి, నూనె మర్దన, వేడినీళ్ళ స్నానం, బరువు పనులు చేయనివ్వకపోవడం, ఇవన్నీ ఉంచుకోవలసినవే. వెల్లుల్లితో హాని లేదు. నడికట్టు కట్టుకుంటే నడుముకు ఆసరాగా ఉంటుంది, కానీ దానితో పొట్ట కొవ్వు కరగదు. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనడం, కుట్లు చీము పడతాయనడం నిజం కాదు. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్ళు ఇవ్వాలి.

అన్నం, కారం మాత్రమే పెట్టే పథ్యానికి మన తీర జిల్లాల్లోనే ఒక చేదు చరిత్ర ఉంది. 1930, 40 దశకాల్లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర సర్కారు జిల్లాలను బెరిబెరి ప్రాంతమని పిలిచేవారు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధాన ఆహారం కావడం వల్ల బి1 విటమిను లోపం వచ్చేది. తల్లి ఒంట్లో ఈ విటమిను లేకపోతే పాలలోనూ ఉండదు. చూడడానికి బొద్దుగా ఉన్న పసిబిడ్డ, తల్లిపాలు తాగుతూనే, హఠాత్తుగా గొంతు బొంగురుపోయి, ఆయాసంతో గుండె దెబ్బతిని చనిపోయేది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు శిశు మరణాల గురించి 1941లోనే రాశారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఇది గడిచిపోయిన కథ అనుకోవడానికి లేదు. పాలిష్ బియ్యంతో పథ్యం చేసే తల్లుల బిడ్డల్లో ఇదే జబ్బును కాశ్మీరు వైద్యులు ఇటీవలి సంవత్సరాల్లోనూ చూశారు. పప్పు, గుడ్డు, చేప, వేరుశనగ, దంపుడు బియ్యం ఉన్న ఇంట్లో ఈ భయం లేదు. పథ్యం పేరుతో మనం తీసేసేవి ఎక్కువగా ఇవే.

మరి బరువు తగ్గకూడదా?

తగ్గవచ్చు. తగ్గాలనుకోవడం సోకు కాదు. నడుము నొప్పి, రక్తపోటు, చక్కెర జబ్బు భయం ఉన్నవారికి అది అవసరం కూడా. కావలసినది సమయం, పద్ధతి.

అమెరికాలోని నార్త్ కరోలినాలో 40 మంది అధిక బరువున్న తల్లులపై జరిగిన ఒక పరిశోధన 2000లో ప్రచురితమైంది. అందరూ బిడ్డకు తల్లిపాలే ఇస్తున్నవారు. బిడ్డకు నాలుగు వారాలు నిండాక కొందరు రోజుకు 500 కేలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల చొప్పున వ్యాయామం చేశారు. పది వారాలపాటు వారు వారానికి సుమారు అర కిలో చొప్పున తగ్గారు. వారి బిడ్డల ఎదుగుదలలో మిగతా బిడ్డలతో తేడా కనబడలేదు. నెమ్మదిగా తగ్గితే బిడ్డకు ప్రమాదం లేదని దీనివల్ల తెలుస్తుంది. వారు తగ్గించింది 500 కేలరీలు, ఒక పూట భోజనం కాదు.

నా సలహా ఇది. మొదటి ఆరు వారాలు బరువు ఊసే వద్దు. పాలు కుదురుకోవాలి, కుట్లు మానాలి, నిద్ర పట్టాలి. ఆ తరువాత కూడా నెలకు రెండు కిలోలకు మించి తగ్గవద్దు. తొమ్మిది నెలల్లో పెరిగిన బరువుకు తగ్గడానికి మరో తొమ్మిది నెలలు ఇవ్వండి. ఎంత లావుగా ఉన్నా రోజుకు 1800 కేలరీల కంటే తక్కువ తినవద్దు. మామూలు బరువు కంటే తక్కువ ఉన్నవారు, రక్తహీనత ఎక్కువగా ఉన్నవారు, కవలలకు పాలిస్తున్నవారు అసలు తగ్గే ప్రయత్నం చేయవద్దు.

కేలరీల పుస్తకం పట్టుకుని కూర్చోనవసరం లేదు. కంచం ఇలా ఉంటే చాలు. ఉదయం మూడు ఇడ్లీలు సాంబారుతో, లేదా రెండు పెసరట్లు. పదిన్నరకు ఒక ఉడికిన గుడ్డు, లేదా పిడికెడు శనగలు. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం, కప్పు పప్పు, ఆకుకూర, పెరుగు. సాయంత్రం గ్లాసు పాలు, పిడికెడు వేరుశనగ గుళ్ళు, ఒక పండు. రాత్రి కప్పున్నర అన్నం గాని రెండు జొన్నరొట్టెలు గాని, చేప లేదా పప్పు, కూర, మజ్జిగ. ఇది దాదాపు 2000 కేలరీలు. దీనితో కడుపు నిండుతుంది, బిడ్డకూ సరిపోతుంది, గాదెలోనిది కొద్దికొద్దిగా ఖర్చవుతుంది.

తగ్గించవలసినవి వేరే ఉన్నాయి. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగితే 160 కేలరీలు చక్కెరకే పోతాయి. ఒక పెద్ద చెంచా నెయ్యి అంటే 130 కేలరీలు. రోజుకు ఒక చిన్న చెంచా చాలు, ముద్దముద్దకూ అక్కరలేదు. బిస్కెట్లు, మిక్చరు, కూల్‌డ్రింకులు, "పాలు పడే" తియ్యటి పొడులు మానితే, అన్నం జోలికి పోకుండానే బరువు దిగుతుంది.

నడక మంచిది. బిడ్డకు పాలిచ్చాక, ఎండ తగ్గాక, అరగంట నడవండి. మితమైన వ్యాయామం వల్ల పాలు తగ్గవు, పాడు కావు. సిజేరియన్ అయినవారు పొట్ట వ్యాయామాలు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోండి.

సన్నబడే మాత్రలు, టీ పొడులు పాలిచ్చినంత కాలం ముట్టుకోవద్దు. అన్నం, రొట్టె పూర్తిగా మానేసి నూనె, మాంసాలతోనే బతికే పద్ధతి ఇప్పుడు అందరి నోటా వినబడుతోంది. పాలిచ్చే తల్లికి అది ప్రమాదం. అలా చేసిన ఒక తల్లి రక్తంలో ఆమ్లం విపరీతంగా పెరిగి ఆసుపత్రిలో చేరిన సంగతి స్వీడన్ వైద్యులు 2015లో ప్రచురించారు. గర్భంలో చక్కెర జబ్బు వచ్చినవారు కాన్పయిన ఆరు వారాలకు తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి. వారికి పాలివ్వడమూ, మెల్లగా బరువు తగ్గడమూ రెండూ మేలే.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. పాలిస్తే చాలు, బరువు దానంతటదే కరుగుతుందని మాలాంటివారు కూడా కొన్నిసార్లు చెప్పేస్తుంటాం. కొందరికి కరుగుతుంది. కొందరికి ఆకలి, నిద్రలేమి వల్ల పాలు మానేదాకా అంగుళం కదలదు. అలా కదలకపోతే అది మీ తప్పు కాదు. దానికోసం పాలు మానవద్దు, అన్నం మానవద్దు.

ఇంటివారి పని

బాలింత బరువు ఆమె ఒక్కదాని విషయం అని నేను అనుకోను. మన ఇళ్ళలో ఆడవాళ్ళు చివర తింటారు. బిడ్డ ఏడిస్తే ఆ చివరి అన్నం కూడా చల్లారిపోతుంది. భర్త గారు పదిహేను నిమిషాలు బిడ్డను ఎత్తుకుంటే ఆమె ఒక పూట వేడిగా తింటుంది. అత్తగారు సున్నుండల డబ్బా బదులు రోజూ ఒక గుడ్డు ఉడకబెడితే చాలు. కాన్పు తరువాత ఆరు నెలలపాటు ఐరన్, కాల్షియం మాత్రలు మింగాలి, రెండూ ఒకే వేళకు కాకుండా. ఆ గుర్తు చేసే పని ఇంట్లో ఒకరు తీసుకోండి. అంగన్‌వాడీలో పేరు రాయించుకున్న బాలింతలకు పోషకాహారం ఇస్తారు. అది తెచ్చి ఇంటిల్లిపాదికీ పంచకుండా ఆమెకే పెట్టండి.

బిడ్డ సంగతి ఎలా తెలుసుకోవాలంటారా? తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, నెలనెలా కార్డు మీద గీత పైకి వెళ్తుంటే పాలు చాలుతున్నట్టే. గీత నిలిచిపోతే డబ్బా కొనకముందు మా దగ్గరకు రండి.

ఆ అమ్మాయి నెల తరువాత మళ్ళీ వచ్చింది. పాప 600 గ్రాములు పెరిగింది. తల్లి కిలో తగ్గింది. మరిది పెళ్ళికి జాకెట్టు మాత్రం పట్టలేదు. "కొత్తది కుట్టించాను సిస్టర్, అది మాత్రం ఎందుకు బాధపడాలి" అన్నారు అత్తగారు. ఆవిడే స్వయంగా ఆ మాట అనడం నాకు సంతోషం కలిగించింది.

చదువుతున్న మీ అందరికీ ఒక మనవి. ఈ ఆదివారం చంటిబిడ్డతో ఒక తల్లి ఎదురైతే, ఆమె లావు గురించి గాని, సన్నం గురించి గాని ఒక్క మాట అనకండి. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడగండి. తినలేదంటే, ఆమె తిని వచ్చేదాకా బిడ్డను మీరు ఎత్తుకోండి.